వెంగమ్మ... ఒకటే పేరు, ఎన్నో జీవితాలు

ఒకరిని నర్రవాడలో దేవతగా కొలుస్తారు. ఒకరి పేర హారతి ఇవ్వనిదే తిరుమలలో స్వామి పవ్వళించడు. మరొకరు తిరుపతిలో మెదడు, నరాల జబ్బులకు వైద్యం చేశారు. ముగ్గురిదీ నెల్లూరు సీమలో అరుగు అరుగునా వినిపించే పేరే. బడికి వెళ్లే పిల్లలు ఇప్పుడు దాచుకుంటున్న పేరూ అదే.

నెల్లూరు జిల్లా పల్లెల్లో వీధి మొదట్లో నిలబడి ‘వెంగమ్మా’ అని కేకేస్తే ఒక్కరే పలకడం అరుదు. అందుకే ఊరి జనం ఎవరి గుర్తు వాళ్లకు తగిలించుకున్నారు. పెద్ద వెంగమ్మ, చిన్న వెంగమ్మ, కాలవగట్టు వెంగమ్మ, రొయ్యల గుంటల కాడి వెంగమ్మ, బడిపక్క వెంగమ్మ. పింఛను ఊళ్లో ఒకచోట పంచిన రోజుల్లో ఈ గుర్తులేవీ పనికొచ్చేవి కావు. జాబితాలో ‘వెంగమ్మ’ అని చదవగానే ముగ్గురు ముందుకొచ్చేవారు. ‘భర్త పేరు చెప్పవమ్మా’ అనేవారు. ఆ పేరుతోనే మనిషిని తేల్చేవారు. డెబ్బై ఏళ్లు తన పేరుతో బతికిన ముసలమ్మ, ఎప్పుడో పోయిన మొగుడి పేరు చెప్పి డబ్బు తీసుకుని పక్కకు జరిగేది.

ఇంతమందికి ఒకే పేరు ఎలా వచ్చింది? మెట్ట ప్రాంతంలో ఎవరిని అడిగినా ముందు చెప్పేది ఒక గుడి సంగతి.

నర్రవాడ అమ్మ

జిల్లాకు పడమట దుత్తలూరు మండలంలో ఉంది నర్రవాడ. అక్కడి వెంగమాంబ పేరంటాలు గుడికి ఏటా జ్యేష్ఠ మాసంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. జూన్ ఎండలకు నేల పెనంలా కాలుతున్నా జనం ఆగరు. సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి, పక్క జిల్లాల నుంచి బస్సుల్లో, ట్రాక్టర్లలో దిగుతారు. పొయ్యి రాళ్లు పేర్చి పొంగలి పెడతారు. తలనీలాలు ఇస్తారు. పసుపు, కుంకుమ, గాజులు, చీర, రవికగుడ్డ అమ్మకు సమర్పిస్తారు. బిడ్డ కావాలని కొందరు, బిడ్డ బాగుండాలని కొందరు. పుడితే నీ పేరే పెట్టుకుంటామని మొక్కుకున్నవాళ్లు ఆడపిల్లకు వెంగమ్మ అనీ మగపిల్లాడికి వెంగయ్య అనీ పెట్టి మొక్కు చెల్లించుకున్నారు. తరాలు గడిచేసరికి పేరు సీమంతా పాకింది.

ఈ అమ్మ పుట్టుకతో దేవత కాదు. మనలాగే ఒక ఊరి ఆడబిడ్డ, ఒక ఇంటి కోడలు. భర్త చావు ఎదురైనప్పుడు అగ్నిలో ప్రవేశించిందని స్థలపురాణం చెబుతుంది. అలా పోయిన ముత్తయిదువను పేరంటాలుగా కొలవడం తెలుగునాట పాత ఆచారం. ఒక్క నర్రవాడే కాదు, మునేరు తీరాన పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి కథా ఇలాంటిదే. ఊరి పొలిమేరల్లో పేరు కూడా మిగలని పేరంటాలమ్మ గుళ్లు ఇంకెన్నో ఉన్నాయి.

ఈ కథను ఇవాళ ఎలా చెప్పుకోవాలి? సతిని బెంగాల్లో 1829లో నిషేధించారు. నెల్లూరు ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ నిషేధం 1830లో వచ్చింది. రాజస్థాన్‌లోని దేవరాలాలో పద్దెనిమిదేళ్ల రూప్ కన్వర్ చితిపై కాలిపోయిన తర్వాత, 1987లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. సతిని ప్రోత్సహించడమే కాదు, కీర్తించడమూ నేరమని ఆ చట్టం చెప్పింది. నర్రవాడకు వెళ్లే ఆడవాళ్లు మాత్రం ఆ మంటను కోరుకుని వెళ్లడం లేదు. వాళ్లు అడిగేది పిల్లలను, పంటను, ఇంటాయన తాగుడు మానడాన్ని. ఒక ఆడమనిషి పడిన కష్టం తెలిసిన తల్లి కాబట్టి తమ కష్టం వింటుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకానికి దండం పెట్టవచ్చు. ఆ చావును మాత్రం ఆదర్శమని ఏ బిడ్డకూ చెప్పకూడదు.

జుట్టు తీయించుకోని వితంతువు

అదే పేరుతో, అదే వైధవ్యం ఎదురైనప్పుడు మరో దారి పట్టిన మనిషి తరిగొండ వెంగమాంబ. చిత్తూరు సీమలో గుర్రంకొండ దగ్గరి తరిగొండలో 1730లో పుట్టారు. తల్లి మంగమాంబ, తండ్రి కృష్ణయామాత్యుడు. చిన్నప్పుడే పెళ్లయింది, చిన్నప్పుడే భర్త పోయాడు. ఆ కాలపు బ్రాహ్మణ ఇళ్లలో ఆ తర్వాత జరగాల్సిందేమిటో అందరికీ తెలుసు. తల గొరిగిస్తారు. బొట్టు చెరిపేస్తారు. మూలగదిలో కూర్చోబెడతారు.

వెంగమాంబ ఒప్పుకోలేదు. తన భర్త వేంకటేశ్వరుడేనన్నారు. జుట్టు ఉంచుకున్నారు, బొట్టు పెట్టుకున్నారు. ఊరు ఊరుకోలేదు. పీఠాధిపతి వచ్చినప్పుడు పంచాయితీ పెట్టారని, తీసిన జుట్టు మళ్లీ మొలవకుండా చేయగలరా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారని, బలవంతంగా క్షౌరం చేయించినా నీళ్లలో మునిగి లేచేసరికి జుట్టు యథాతథంగా వచ్చిందని జనం చెప్పుకుంటారు. మహిమను నమ్మేవాళ్లు నమ్మవచ్చు. నమ్మనివాళ్లకూ ఇందులో దొరికేది ఒకటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక వితంతువు తన తల తన ఇష్టమని పెద్దల ముందు నిలబడి అన్నదని ఊళ్లు రెండున్నర వందల ఏళ్లుగా ముచ్చటగా చెప్పుకుంటున్నాయి.

మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికుల దగ్గర ఆమె యోగవిద్య నేర్చారు. తరిగొండ నరసింహస్వామి గుడిలో ఆంజనేయుడి విగ్రహం వెనుక కూర్చుని ధ్యానం చేసేవారట. అక్కడా అభ్యంతరాలు వచ్చాయి. చివరికి తిరుమల చేరారు. కొంతకాలం తుంబురు కోనలో ఒంటరిగా తపస్సు చేశారు. 1817లో తిరుమలలోనే తనువు చాలించారు. ఆమె సమాధి ఇప్పటికీ కొండ మీద ఉంది.

రాసిన పుస్తకాల పట్టిక చూస్తే ఎంత పనిమంతురాలో తెలుస్తుంది. తరిగొండ నృసింహ శతకంతో మొదలుపెట్టారు. యక్షగానాలు రాశారు. యోగం మీద రాజయోగామృతసారం ద్విపదలో రాశారు. వాసిష్ఠ రామాయణం, ద్విపద భాగవతం, విష్ణుపారిజాతం, ముక్తికాంతా విలాసం రాశారు. వేంకటాచల మాహాత్మ్యం ఇళ్లలో పారాయణ గ్రంథమైంది. ద్విపద అంటే రెండేసి పాదాలతో సాగే దేశి ఛందస్సు. పండితుల కోసం గాక పాడుకునే జనం కోసం రాసేవాళ్లు పట్టే దారి అది.

‘తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి’ అని తిరుమలలో నానుడి. రాత్రి ఏకాంత సేవలో అన్నమయ్య వంశం వారి లాలిపాట ఒకటి, వెంగమాంబ పేర ముత్యాల హారతి ఒకటి. పళ్లెంలో ముత్యాలు ఉంచి ఇచ్చే ఆ హారతి ఆమె పోయి రెండు శతాబ్దాలు దాటినా కొనసాగుతోంది. 2011లో తిరుమలలో తెరిచిన పెద్ద అన్నదాన భవనానికీ మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరే పెట్టారు. నెల్లూరు నుంచి కాలినడకన కొండెక్కిన భక్తుడు అక్కడ బంతిలో కూర్చుని వేడి అన్నం, సాంబారు తింటాడు. బయట బోర్డు మీదున్న పేరు, ఇంట్లో తన నాయనమ్మ పేరు ఒకటేనని ఎంతమందికి తడుతుందో!

తెల్లకోటు వెంగమ్మ

కొండ దిగితే తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి. 1990లలో సేవలు మొదలుపెట్టిన ఈ సంస్థకు రాయలసీమ, నెల్లూరు జిల్లాల నుంచి రోగులు వస్తారు. పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయినవాళ్లు, మూర్ఛ తగ్గనివాళ్లు. అక్కడ న్యూరాలజీ ఆచార్యులుగా పనిచేసి, సంస్థ సంచాలకులుగా, విశ్వవిద్యాలయ ఉపకులపతిగా బాధ్యతలు మోసినవారు డాక్టర్ బి.వెంగమ్మ. మెదడు, నరాల వైద్యం ఆడవాళ్లు తక్కువగా ఎంచుకునే విభాగం. పెద్ద ఆసుపత్రి పాలనా కుర్చీల్లో వాళ్ల సంఖ్య ఇంకా తక్కువ. అక్కడ గది తలుపు మీద ‘వెంగమ్మ’ అని రాసి ఉండటం చిన్న సంగతి కాదు. పట్టణపు చెవికి పాతగా వినిపించే ఈ పేరును మార్చుకోకుండానే ఆమె అంత ఎత్తుకు ఎదిగారు. స్విమ్స్ కింద 2014లో అమ్మాయిల కోసమే శ్రీపద్మావతి మహిళా వైద్య కళాశాల కూడా మొదలైంది.

గుడికీ ఆసుపత్రికీ మధ్య ఒక దారి ఉంది. మన పల్లెల్లో మూర్ఛ వస్తే ఇప్పటికీ గాలి సోకిందని, అమ్మ పూనిందని గుడికి తీసుకెళ్లే ఇళ్లున్నాయి. మూర్ఛ మెదడులోని విద్యుత్ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పడం వల్ల వచ్చే జబ్బు. ఎక్కువమందికి క్రమం తప్పక మందులు వాడితే అదుపులో ఉంటుంది. మూతి వంకర పోయి, మాట తడబడి, ఒక పక్క చెయ్యి లేవకపోతే అది పక్షవాతం. రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆ గంటలు మొక్కుల్లో పోతే చెయ్యి తిరిగి రాకపోవచ్చు. నర్రవాడ అమ్మకు ముడుపు కట్టండి, తప్పులేదు. కట్టేది ఆసుపత్రికి వెళ్లే బండిలో కూర్చుని కట్టండి.

ముగ్గురిని ఒక వరసలో పెట్టి చూస్తే కాలం కనిపిస్తుంది. భర్త పోతే బతుకు లేదనుకున్న లోకం ఒక వెంగమ్మది. భర్త పోయినా బతుకు నాదే అని తేల్చిచెప్పిన గుండె ఇంకో వెంగమ్మది. మూడో వెంగమ్మ దగ్గరకు వచ్చేసరికి ఆమెను గుర్తించడానికి భర్త ప్రస్తావనే అక్కర్లేదు. ఆమె చేసిన పని చాలు.

ఐర్లండులోనూ ఒక వెంగమ్మ

ఇలాంటి పేరు మనకొక్కరికే కాదు. అట్లాంటిక్ అంచున ఉన్న ఐర్లండులో ‘బ్రిజిడ్’ అనే పేరుది దాదాపు ఇదే కథ. బ్రిజిడ్ అక్కడి ప్రాచీన దేవత. అయిదు, ఆరో శతాబ్దాల్లో కిల్డేర్‌లో మఠం నడిపిన క్రైస్తవ సాధ్విదీ అదే పేరు. ఆమె మఠంలో సన్యాసినులు వందల ఏళ్లు ఆరని నిప్పును కాపాడారని చెబుతారు. ఫిబ్రవరి 1న ఆమె పండుగ. రెల్లుతో శిలువ అల్లి ఇంటి గుమ్మానికి కట్టుకుంటారు. ఆ తల్లి పేరే ఇంటింటా ఆడపిల్లలకు పెట్టుకున్నారు. బ్రిజెట్, బ్రీద్, ముద్దుగా బిడ్డీ.

అక్కడా ఒకే పేరు రకరకాల తలరాతలు చూసింది. పంతొమ్మిదో శతాబ్దంలో క్లేర్ ప్రాంతంలో బిడ్డీ అర్లీ ఆకుపసరులతో వైద్యం చేసి పేరు తెచ్చుకుంది. చర్చి పెద్దలకు ఆమె కంటగింపు, బీదాబిక్కికి ఆమె దిక్కు. 1895లో టిప్పరరీలో బ్రిజెట్ క్లియరీ అనే యువతిని, అసలు మనిషిని దయ్యాలు ఎత్తుకుపోయి మారు మనిషిని వదిలాయన్న పిచ్చి నమ్మకంతో భర్తే కాల్చి చంపాడు. కరువుకు ఊళ్లు విడిచి అమెరికా ఓడలెక్కిన ఐరిష్ అమ్మాయిలు వేల ఇళ్లలో పనిమనుషులుగా చేరారు. ఆ ఇళ్ల యజమానులు పనిమనిషి అసలు పేరు ఏదైనా ‘బ్రిజెట్’ అనే పిలిచేవారు. దానితో సాధ్వి పేరు కాస్తా పనిమనిషి పేరైంది. వలస వెళ్లిన కుటుంబాలు ఆ పేరు పెట్టడం తగ్గించుకున్నాయి.

అదే ఐర్లండు 2023 నుంచి సెయింట్ బ్రిజిడ్ పేర ప్రభుత్వ సెలవు ఇస్తోంది. ఒక మహిళ పేర ఆ దేశంలో సెలవు ఇవ్వడం అదే మొదలు. సిగ్గుపడి వదిలేసిన పేరును జాతి మళ్లీ నెత్తిన పెట్టుకుంది.

గుడికో పేరు

నెల్లూరు సీమలో ఆడవాళ్ల పేర్లు వింటే చాలు, ఆ కుటుంబం ఏ గుడికి మొక్కిందో చెప్పవచ్చు. పెన్నా ఒడ్డున జొన్నవాడలో కామాక్షమ్మ ఉంది. బ్రహ్మోత్సవాల మొదట్లో ధ్వజారోహణం నాడు సంతానం లేని స్త్రీలు కొడిముద్ద ప్రసాదం కోసం కొంగు పట్టుకుని బారులు తీరతారు. అలా పుట్టిన పిల్లలు కామాక్షమ్మలు, కామాక్షయ్యలు. రాపూరు కొండల్లో పెంచలకోన నరసింహుడి పేర పెంచలమ్మలు, పెంచలయ్యలు. రాత్రిళ్లు కూడా తలుపు వేయని సూళ్లూరుపేట గుడి నుంచి చెంగాలమ్మలు. శ్రీహరికోటలో రాకెట్ ఎగరబోయే ముందు ఇస్రో పెద్దలు వచ్చి దణ్ణం పెట్టుకునేది ఆ తల్లికే. 2022 విభజనలో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లింది గానీ పేర్లకు సరిహద్దు రాళ్లు పాతలేరు.

ఈ పట్టికలో అందరికన్నా ముచ్చట మస్తానమ్మది. కసుమూరు దర్గాలో మస్తాన్‌వలీకి మొక్కుకున్న హిందూ కుటుంబాలు బిడ్డకు మస్తానమ్మ, మస్తానయ్య అని పెట్టుకున్నాయి. దేవుడు ఎవరి దేవుడని అడగకుండా బిడ్డనిచ్చినవాడి పేరు పెట్టుకోవడం ఈ సీమ మర్యాద.

ఇప్పుడు తీరు మారింది. మొక్కు ఉంది, పేరు లేదు. వెంగమ్మకు మొక్కుకున్నవాళ్లు ‘వె’ అక్షరం మాత్రం తీసుకుని వెన్నెల అనో వేదశ్రీ అనో పెడుతున్నారు. నాయనమ్మ పేరు ఆధార్ కార్డులో చూసి మనవరాలు నవ్వుతుంది. కాలేజీలో చేరిన అమ్మాయి రిజిస్టర్లో వెంగమ్మను వదిలించుకుని ముద్దుపేరుతో చలామణీ అవుతుంది. పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. సినిమాల్లో ఇలాంటి పేర్లు పనిమనిషికీ పల్లెటూరి అమాయకురాలికీ మాత్రమే పెట్టి పెట్టి, వాటిని నవ్వులాటకు సరుకు చేసింది పెద్దవాళ్లమే.

పేరు రాసిపెట్టిన ఆడవాళ్లు

పేరంటాలు తిరుపతమ్మ వెలసిన పెనుగంచిప్రోలులోనే 1874లో భండారు అచ్చమాంబ పుట్టారు. తెలుగులో తొలి కథల్లో ఒకటైన ‘ధనత్రయోదశి’ ఆమెదే, 1902 నాటిది. అంతకన్నా పెద్ద పని ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. పేరున్న స్త్రీల జీవితాలను ఏరి, వెతికి, ఒకచోట పెట్టిన పుస్తకం. ఆడవాళ్లు ఏం సాధించారని అడిగేవాళ్లకు పేర్లతో సహా జవాబు చెప్పడం ఆమె ఉద్దేశం. అది పూర్తిగా నెరవేరకుండానే 1905లో, ముప్ఫై దాటగానే పోయారు. మరుసటి ఏడు తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఇంట ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డకూ అచ్చమాంబ అనే పెట్టారు. ఆ అచ్చమాంబ డాక్టరయ్యారు. ప్రసూతి, శిశుపోషణ మీద తెలుగులో పుస్తకం రాశారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. మేనత్త పేరు మేనకోడలి దగ్గర అలా ఇంకో అర్ధ శతాబ్దం బతికింది.

రాసిపెట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన దూబగుంటే చాలు. కలిగిరి మండలంలోని ఆ ఊళ్లో అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్లు 1992లో సారా దుకాణాన్ని మూయించారు. ముందు నడిచిన వర్ధినేని రోశమ్మ పేరు పత్రికలకెక్కింది. ఆ నిప్పు జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది, రెండేళ్లకే ఎత్తేశారు. ఆ ఉద్యమంలో రోశమ్మ పక్కన నిలిచి, కల్లాల్లో, అరుగుల మీద, దుకాణాల ముందు కూర్చున్నవాళ్లు ఊరూరా వందల మంది. వాళ్లలో ఎంతమంది వెంగమ్మలు, కామాక్షమ్మలు, మస్తానమ్మలు ఉన్నారో ఏ పుస్తకంలో ఉంది? ‘దూబగుంట మహిళలు’ అన్న ఒక్క మాట కింద అందరూ కలిసిపోయారు.

నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం స్థాపించిన పొణకా కనకమ్మ ఆత్మకథ రాసిపెట్టారు. ఆమె 1963లో పోతే, అది పుస్తకంగా వచ్చేసరికి 2011 అయింది. అంతటి మనిషి మాటకే అంత కాలం పడితే మామూలు ఆడవాళ్ల సంగతి చెప్పాలా?

పేరు దేవత ఇస్తుంది, ఇంట్లో పెద్దలు పెడతారు. దానికి విలువ తెచ్చేది మాత్రం మోసిన మనిషి. తరిగొండ వెంగమాంబ లేకపోతే వెంగమాంబ అంటే నర్రవాడ గుడి ఒక్కటే గుర్తొచ్చేది. స్విమ్స్‌లో ఒక డాక్టరు లేకపోతే ఆ పేరుకు తెల్లకోటు ఉంటుందని ఎవరూ అనుకునేవారు కాదు. మీ మనవరాలికి వెంగమ్మ అని పెట్టమని ఈ కథనం అడగడం లేదు. పేరు మీ ఇష్టం.

అడిగేది ఒక్కటే. ఈ ఆదివారం ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చోండి. ఆమెకు ఆ పేరు ఎవరు పెట్టారో, ఏ మొక్కుకు పెట్టారో, అత్తగారింట్లో మార్చారేమో అడగండి. ఆమె ఏ పని చేసిందో, దేనికి ఎదురు తిరిగిందో కూడా అడిగి, ఒక నోటు పుస్తకంలో ఇంటిపేరుతో సహా రాయండి. అది కూడా ఆమె పుట్టింటి ఇంటిపేరు. అవతల ఎవరి భార్యో రాయడం తర్వాత చూసుకోవచ్చు.